జింకను తీసుకున్నాక ‘వద్దు’ అంటే: బ్రిటన్ వేటగాళ్లకూ గేమ్ డీలర్లకూ పేచీ ఎక్కడ?

బ్రిటన్‌లో ఒక వేటగాడు ఆరు జింకలను, వేట మాంసం కొనే వ్యాపారి అయిన గేమ్ డీలర్ కోల్డ్ రూములో తగిలించి వెళ్లాడనుకుందాం. వారం పది రోజులకు లెక్క చీటీ వస్తుంది. నాలుగింటికి డబ్బు వేసి ఉంటుంది. మిగతా రెండింటి ఎదురుగా ‘తిరస్కరించాం’ అని ఒక్క ముక్క. ఎందుకని ఫోన్ చేస్తే ‘తొడ పాడైంది’, ‘మాంసం పచ్చబడింది’ అంటారు. ఫోటో తీశారా అంటే లేదు. పోనీ నా జింకను నాకిచ్చేయండి అంటే, అది ఎప్పుడో వ్యర్థాల డబ్బాలోకి వెళ్లిపోయింది.

రెండు జింకల ఖరీదు పెద్ద మొత్తమేమీ కాదు. అయినా బ్రిటన్‌లో జింకల వేట మీద ఆధారపడ్డ వాళ్లకీ, ఆ మాంసం కొనేవాళ్లకీ మధ్య ఏళ్ల తరబడి నలుగుతున్న గొడవ ఇదే. ఇప్పుడు సీసం తూటాల మీద నిషేధం కూడా రాబోతుండటంతో ‘ఏ జింకను ఎవరు, ఎప్పుడు, ఎందుకు వద్దనవచ్చు’ అన్న ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది.

వేటాడేది ఎవరు, కొనేది ఎవరు

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకను వేటాడటం, దాని మాంసం అమ్మటం నేరం. కాబట్టి జింక మాంసానికి ట్యాగు, తూకం చీటీ, ధరల పట్టిక ఉంటాయంటే మనకు కొంచెం వింతగానే ఉంటుంది. బ్రిటన్ పరిస్థితి వేరు. అక్కడ తోడేలు, లింక్స్ అనే పెద్ద అడవిపిల్లి లాంటివి వందల ఏళ్ల కిందటే అంతరించాయి. జింకను తినే పెద్ద జంతువు మిగల్లేదు. ఆరు జాతుల జింకలు అడవుల్లో, పొలాల్లో తిరుగుతున్నాయి. వాటిలో రెడ్ డీర్, రో డీర్ మాత్రమే ఆ నేలకు చెందినవి. ఫాలో, సికా, మంట్‌జాక్, చైనీస్ వాటర్ డీర్ మనుషులు తెచ్చి వదిలినవో, తప్పించుకున్నవో. మొత్తం ఇరవై లక్షల దాకా ఉంటాయన్నది తరచూ వినిపించే అంచనా. లేత మొక్కల చిగుళ్లు మేసేస్తాయి, పంటల్లో పడతాయి, రాత్రిపూట కార్లకు అడ్డొస్తాయి. అందుకని ఏటా పెద్ద సంఖ్యలో వాటిని చంపటం అక్కడ చట్టబద్ధమైన పని.

ఈ పని చేసేవాడిని స్టాకర్ అంటారు. జింకకు వాసన తగలకుండా, కనబడకుండా దగ్గరికి వెళ్లి రైఫిల్‌తో కాల్చేవాడన్నమాట. కొందరు పెద్ద ఎస్టేట్లలో జీతగాళ్లు. కొందరు కాంట్రాక్టర్లు. చాలామంది వేరే ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాల్లో సొంత ఖర్చుతో వెళ్లేవాళ్లు. బతికున్న అడవి జింక చట్టం దృష్టిలో ఎవరి ఆస్తీ కాదు. చంపాక అది ఆ నేల మీద వేట హక్కు ఉన్నవారిది అవుతుంది. ఒప్పందాన్ని బట్టి చాలాచోట్ల ఆ జింకను స్టాకర్‌కే వదిలేస్తారు. దాన్ని అమ్మితే వచ్చేదే అతని పెట్రోలు డబ్బులు, తూటాల డబ్బులు.

కొనేవాడు గేమ్ డీలర్. ఇంగ్లండ్, వేల్స్‌లో పాతకాలపు గేమ్ డీలర్ లైసెన్సు 2007లో రద్దయింది. ఇప్పుడు అసలు కీలకమైనది ఆహార భద్రతా సంస్థ ఇచ్చే అనుమతి. అడవి జంతువుల మాంసాన్ని టోకున హోటళ్లకు, సూపర్ మార్కెట్లకు పంపాలంటే ఆ అనుమతి ఉన్న కేంద్రంలోనే తోలు తీసి, అధికారిక పశువైద్యుడి తనిఖీ చేయించాలి.

ఒకరు చూసింది ఇంకొకరికి కనబడదు

ఈ పేచీకి మూలం ఆ ప్రయాణంలోనే ఉంది. అందుకని దాన్ని కాస్త నింపాదిగా చూడాలి.

జింక పడగానే స్టాకర్ వీలైనంత త్వరగా పొట్ట, పేగులు తీసేయాలి. మామూలుగా ఇది కొండ మీదో, చెట్ల మధ్యో జరుగుతుంది. అప్పుడే లోపలి అవయవాలను పరీక్షిస్తాడు. కార్జం మీద మచ్చలున్నాయా, ఊపిరితిత్తుల్లో గడ్డలున్నాయా, దవడ కింద, గొంతు దగ్గర, పేగుల పొర మీద ఉండే లింఫ్ గ్రంథులు ఉబ్బాయా అని. ఈ పరీక్ష చేసి ధ్రువీకరించటానికి శిక్షణ తప్పనిసరి. శిక్షణ ఉన్న వ్యక్తి అంతా బాగుందని తేల్చుకుంటే ఒక ధ్రువీకరణ ట్యాగు కడతాడు. ఏ రోజు, ఏ సమయానికి, ఎక్కడ చంపాడు, చంపకముందు జింక నడకలో, తీరులో తేడా ఏమైనా కనిపించిందా అన్నవి అందులో ఉంటాయి. ఆ ట్యాగు ఉంటే తల, అవయవాలు డీలర్‌కు పంపనక్కర్లేదు. లేకపోతే తలతో పాటు, పొట్ట, పేగులు మినహా మిగతా అవయవాలన్నీ జింకతో పాటే వెళ్లాలి.

తర్వాత తోలుతోనే చల్లబరచాలి. మాంసం లోపలి దాకా 7 డిగ్రీల సెల్సియస్‌కు మించని వేడిమికి రావాలన్నది నిబంధన. ఒకదాని మీద ఒకటి గుట్టగా పడేయకూడదు. తోలు తీయటం మాత్రం డీలర్ కేంద్రంలోనే.

అంటే అవయవాలను స్టాకర్ ఒక్కడే చూస్తాడు, డీలర్ చూడడు. తోలు కింది మాంసాన్ని డీలర్ మనుషులే చూస్తారు, స్టాకర్ చూడడు. మొదటి సగం విషయంలో డీలర్ ఒక ట్యాగును నమ్మాలి. రెండో సగం విషయంలో స్టాకర్ ఒక ఫోన్ మాటను నమ్మాలి. ట్యాగుకు చట్టం ఒక నమూనా పెట్టింది. ఫోన్ మాటకు పెట్టలేదు. నా దృష్టిలో గొడవలో సగం ఈ తేడాలోనే ఉంది.

‘తిరస్కరణ’ అంటే మూడు వేర్వేరు సంగతులు

లెక్క చీటీలో ఒకటే మాట రాసినా దాని వెనక జరిగినవి వేరువేరుగా ఉండొచ్చు.

మొదటిది పశువైద్యుడు లేదా మాంసం తనిఖీ అధికారి ‘మనుషులు తినటానికి పనికిరాదు’ అని తేల్చటం. ఇది డీలర్ చేతిలో లేని నిర్ణయం. కావాలన్నా ఆ మాంసాన్ని అతను అమ్మలేడు, స్టాకర్‌కు తినమని తిరిగి ఇవ్వలేడు. జంతు ఉప ఉత్పత్తుల నియమాల ప్రకారం దాన్ని వదిలించుకోవాలి, ఆ ఖర్చూ డీలర్‌దే.

రెండోది వ్యాపార తిరస్కరణ. మాంసంలో రోగం లేదు. కానీ తూటా దెబ్బకు బాగా నలిగింది, లేదా ట్యాగు సరిగా లేదు, లేదా డీలర్ పెట్టిన షరతుకు సరిపోలేదు. ఇది పూర్తిగా డీలర్ నిర్ణయం. ఇలాంటి మాంసం, రోగ లక్షణాలు లేకపోతే, పెంపుడు జంతువుల ఆహారంలోకి వెళ్లటానికి నిబంధనలు అడ్డుచెప్పవు.

మూడోది ధర తగ్గించటం. దెబ్బతిన్న భాగం కోసేసి మిగిలిన దానికి డబ్బు ఇవ్వటమో, మొత్తం జింకను రెండో రకంగా లెక్కగట్టటమో. కచ్చితంగా చెప్పాలంటే ఇది తిరస్కరణ కాదు. స్టాకర్ చేతికి వచ్చే చీటీలో మాత్రం మూడూ కలగలిసిపోతాయి.

మాంసం ఎందుకు పాడవుతుంది

తూటా ఛాతీలో గుండె, ఊపిరితిత్తుల దగ్గర తగిలితే విలువైన మాంసం పెద్దగా పోదు. కాస్త వెనక్కి తగిలితే పొట్ట చిల్లుపడి, లోపలి పచ్చటి మేత, పేడ పక్కటెముకల మీదికీ నడుము మాంసం మీదికీ పాకుతాయి. కడిగేస్తే పోతుంది కదా అనిపిస్తుంది. నిజానికి నీళ్లు పోసి కడిగితే క్రిములు ఇంకా విస్తరిస్తాయి. కోసి తీసేయటమే పద్ధతి. 2015లో స్కాట్లండ్‌లో జింక మాంసం ఉత్పత్తుల వల్ల ఈ-కోలై ఓ157 అనే హానికర బ్యాక్టీరియా మనుషులకు సోకిన ఘటన తర్వాత పేడ మరకల విషయంలో జాగ్రత్త మరింత అవసరమని అందరికీ అర్థమైంది.

తూటా తొడలో తగిలితే ఖరీదైన భాగమే పోతుంది. భుజంలో తగిలితే నష్టం తక్కువ. కానీ నెత్తురు కండరాల పొరల మధ్య ఎంత దూరం పాకిందో తోలు మీది నుంచి తెలియదు. పైకి చిన్న చిల్లే కనబడుతుంది, తోలు తీశాక జబ్బ అంతా నల్లగా ఉంటుంది. స్టాకర్ అబద్ధం చెప్పకపోయినా అతని అంచనా తప్పవచ్చు.

వేడి సంగతి ఇంకా చిక్కు. పెద్ద మగ రెడ్ డీర్ తొడ లోపల ఎముక దగ్గర వేడి చాలాసేపు నిలిచి ఉంటుంది. ఆగస్టు సాయంత్రం చంపి, వ్యాను వెనక రెండు జింకలు ఒకదాని మీద ఒకటి వేసి తెస్తే పై చర్మం చల్లబడినా లోపల కుళ్లు మొదలవుతుంది. అది బయటపడేది నాలుగైదు రోజుల తర్వాత, డీలర్ కత్తి పెట్టినప్పుడు. అప్పటికి ఆ జింక స్టాకర్ వ్యానులో ఉంది, అతని కోల్డ్ రూములో ఉంది, డీలర్ లారీలో ఉంది, డీలర్ కోల్డ్ రూములో ఉంది. ఎక్కడ చెడింది? మాంసం రంగు చూసి తేలిగ్గా చెప్పేది కాదు. ప్రతి చోటా ఉష్ణోగ్రత రాసి ఉంటే తప్ప.

కొందరు డీలర్లు ఊరి బయట ఒక కోల్డ్ రూము పెట్టి తాళం చెవి ఇస్తారు. ఐదారుగురు స్టాకర్లు అర్ధరాత్రి వచ్చి ఎవరి జింకలు వాళ్లు తగిలించి పోతారు. తలుపు ఎవరు సరిగా వేయలేదు, వెచ్చటి జింకలు ఒకేసారి తెచ్చి గది వేడెక్కించిందెవరు అన్నది ఎవరికీ తెలియదు. నష్టం మాత్రం ట్యాగు మీద ఎవరి పేరుంటే వాళ్లది.

ఒక లెక్క వేసి చూద్దాం

ఇవి అర్థం కావటానికి అనుకున్న అంకెలు మాత్రమే. 40 కిలోల ఫాలో మగ జింక, కిలో 2.50 పౌండ్లు. అంతా బాగుంటే 100 పౌండ్లు.

ఒక భుజం నలిగింది, 5 కిలోలు కోసేశారు. మిగిలిన 35 కిలోలకు 87.50 పౌండ్లు వస్తాయి. అదే జింకను ‘రెండో రకం, కిలో 1.50’ అని లెక్కగడితే 40 కిలోలకు 60 పౌండ్లు. మొత్తం తిరస్కరిస్తే సున్నా.

ఇప్పుడు డీలర్ వైపు నుంచి. పూర్తిగా తిరస్కరించిన జింక మీద అతను స్టాకర్‌కు ఏమీ ఇవ్వలేదు, నిజమే. కానీ లారీ పంపాడు, మనిషిని పెట్టి తోలు తీయించాడు, పారేయటానికి డబ్బు కట్టాడు. ఇవన్నీ 20 పౌండ్లయితే ఆ 20 అతనికి నష్టమే. అమ్మటానికి చేతిలో మాంసం లేదు. రెండో రకంగా లెక్కగట్టిన జింక సంగతి అలా కాదు. భుజం పోయినా రెండు తొడలు, నడుము మాంసం మొదటి రకం ధరకే అమ్ముడుపోతాయి. కోసి తూచి ఉంటే 87.50 ఇవ్వాల్సింది, 60తో సరిపోయింది.

స్టాకర్లకు ఒళ్లుమండేది పూర్తి తిరస్కరణ చూసి. నిజంగా డీలర్‌కు లాభం మిగలగలిగేది మాత్రం ధర తగ్గింపులో. అనుమానపడాలంటే అక్కడ పడటం మేలు. పెంపుడు జంతువుల ఆహారానికి అమ్మిన ‘తిరస్కరణ’ జింకకు స్టాకర్‌కు సున్నా ఇస్తే, ఆ ప్రశ్న కూడా న్యాయమైనదే.

ఎవరి వాదనలో ఎంత పస

స్టాకర్ల ప్రధాన ఫిర్యాదు ఇది: గిరాకీ ఉన్నప్పుడు తీసుకున్న జింకనే, కోల్డ్ రూములు నిండినప్పుడు వద్దంటారు. ఇంగ్లండ్‌లో ఆడ ఫాలో, రో, రెడ్ డీర్ వేట కాలం నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా. చలికాలంలో అందరూ ఒకేసారి జింకలు తెస్తారు, ధర పడుతుంది. న్యూజిలాండ్ పెంపకపు జింక మాంసం దిగుమతీ పోటీలో ఉంటుంది. 2020 మార్చిలో కోవిడ్‌కు హోటళ్లు మూతపడ్డప్పుడు కొనేవాళ్లే కరువయ్యారు. అలాంటి రోజుల్లో నాణ్యత కొలబద్ద దానంతటదే కాస్త పైకి జరుగుతుందన్నది వాళ్ల మాట. ఇందులో మోసం ఉండి తీరాలనేం లేదు. సరుకు ఎక్కువైనప్పుడు ఏ మార్కెట్ యార్డులోనైనా కొనేవాడు గ్రేడింగ్ గట్టిగా చేస్తాడు. కాకపోతే షరతు ముందే చెప్పాడా, జింక చేతికందాక చెప్పాడా అన్నది పట్టించుకోవాల్సిన సంగతి.

డీలర్ల మాటా వినాలి. ఒకడు పది జింకలు తెస్తే వాటిలో ఎనిమిది శుభ్రంగా ఉంటాయి. మిగిలిన రెండింటిని ‘ఎలాగూ తీసుకుంటారులే’ అని మధ్యలో వేలాడదీసేవాళ్లు ఉంటారు. తోలు మూసి ఉంది కదా. ట్యాగు మీద సమయం అందంగా రాసి ఉంటుంది, జింక ఇంకా వెచ్చగా ఉంటుంది. పేడ మరక ఉన్న ఒక్క జింక తోలు తీసేటప్పుడు కత్తి నుంచి, బల్ల నుంచి తర్వాతి జింకకు అంటుతుంది. ఏదైనా అనారోగ్యం బయటపడితే మూతపడేది డీలర్ కేంద్రం, స్టాకర్ వ్యాను కాదు. ప్రతి తిరస్కరణకూ ఫోటో తీసి పంపమంటే, సీజన్లో రోజూ కత్తి పట్టుకుని నిలబడే మనిషికి అది తేలికైన పని కాదన్నదీ నిజమే.

నాకు మాత్రం ఫోటో విషయంలో స్టాకర్ల వాదనే బలంగా కనిపిస్తుంది. ఫోన్ అందరి జేబులోనూ ఉంది. ట్యాగు నంబరు కనబడేలా ఒక ఫోటో తీయటానికి పట్టే సమయం, ఆ తర్వాత ఫోన్లో వాదించుకునే సమయం కంటే తక్కువ.

చట్టం ఏమంటుంది

ఈ అమ్మకాలకు 1979 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం వర్తిస్తుంది. భారతదేశపు 1930 వస్తు విక్రయ చట్టం, దీని ముందు రూపమైన 1893 బ్రిటిష్ చట్టాన్ని చూసి రాసిందే కాబట్టి ఇందులోని సూత్రాలు మన లాయర్లకు కొత్తవి కావు.

34వ సెక్షన్ కొన్నవాడికి సరుకును పరీక్షించుకునే సహేతుకమైన అవకాశం ఇస్తుంది. 35వ సెక్షన్ ప్రకారం, సహేతుకమైన సమయం దాటినా వద్దని చెప్పకపోతే సరుకును ఒప్పుకున్నట్టే. తోలు తీస్తేనే కనబడే లోపానికి తోలు తీయటం పరీక్షలో భాగమే అని డీలర్ వాదించవచ్చు, అందులో పస ఉంది. కానీ త్వరగా చెడే సరుకు విషయంలో ఆరు రోజులు ఊరికే వేలాడదీసి తర్వాత తోలు తీస్తే, ఆ ‘సహేతుకమైన సమయం’ మిగిలుందా అన్నది స్టాకర్ వేయదగ్గ ప్రశ్న. 36వ సెక్షన్ డీలర్‌కు అనుకూలం. న్యాయంగా తిరస్కరించిన సరుకును వెనక్కి పంపాల్సిన బాధ్యత అతనికి లేదు, వద్దంటున్నానని తెలియజేస్తే చాలు. ఆ తెలియజేయటం ఎప్పుడు జరిగిందన్నదే మళ్లీ సమస్య.

ఇంకో ముడి ఉంది. సరుకు సంతృప్తికరమైన నాణ్యతతో ఉండాలన్న 14వ సెక్షన్ షరతు, వ్యాపారంలో భాగంగా అమ్మేవాడికే వర్తిస్తుంది. వారాంతపు స్టాకర్ వ్యాపారా? 1998లో స్టీవెన్‌సన్, రోజర్స్ కేసులో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు ఈ మాటను విశాలంగా చదివింది. చేపలు పట్టి బతికే ఒక మనిషి తన పడవను అమ్మటం కూడా వ్యాపారంలో భాగమే అంది. ఆ లెక్కన కాంట్రాక్టు స్టాకర్ తప్పకుండా దీని కిందికి వస్తాడు. సరదా స్టాకర్ విషయంలో రెండు వైపులా వాదించవచ్చు.

డీలర్ ముందే ఇచ్చిన ధరల పట్టికలో ‘తోలు తీసి తనిఖీ చేశాకే చెల్లింపు’ అని ఉంటే మామూలుగా అదే ఒప్పందం. జింక తీసుకున్నాక లెక్క చీటీ వెనక మొదటిసారి కనబడ్డ షరతు ఒప్పందంలోకి రాదు.

ఇంగ్లండ్, వేల్స్‌లో 10,000 పౌండ్ల లోపు వివాదాలకు స్మాల్ క్లెయిమ్స్ అనే చిన్న దావాల పద్ధతి ఉంది. స్కాట్లండ్‌లో 5,000 పౌండ్ల దాకా అలాంటిదే సింపుల్ ప్రొసీజర్ ఉంది. కానీ 60 పౌండ్ల కోసం ఫీజు కట్టి, చుట్టుపక్కల ఉన్న ఒకే ఒక్క డీలర్‌ను కోర్టుకు లాగితే వచ్చే సీజన్లో జింకలు ఎవరికి అమ్మాలి? స్టాకర్‌కు అందుబాటులో ఉన్న ఆయుధం డీలర్‌ను మార్చటం. ఇంకో డీలర్ లేనిచోట అదీ లేదు.

క్షయ అనుమానం వస్తే లెక్క మారుతుంది

ఇంగ్లండ్ నైరుతి ప్రాంతంలో అడవి జింకల్లోనూ పశువుల క్షయ కనబడుతుంది. లింఫ్ గ్రంథిలో చీము లాంటి గడ్డ కనిపిస్తే స్టాకర్ దాన్ని పశు ఆరోగ్య అధికారులకు తెలియజేయాలని చట్టం చెబుతోంది. ఆ జింకను ట్యాగు కట్టి మామూలుగా పంపకూడదు. అనుమానం నిజం కాదని తర్వాత తేలినా ఈలోగా మాంసం పోతుంది, పరిహారమేమీ రాదు. నిజాయితీగా చెప్పినవాడికే నష్టం కాబట్టి, చూసీ చూడనట్టు వదిలేసేవాళ్లు ఉంటారేమోనన్న భయం డీలర్లను వెంటాడుతుంది. ఇక్కడ డీలర్ అతిగా అనుమానించినా తప్పుపట్టటం కష్టం.

సీసం తూటా అనే కొత్త గీత

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మాంసం బాగుందా లేదా అన్నదాని గురించే. సీసం సంగతి వచ్చేసరికి, శుభ్రంగా, చల్లగా, ట్యాగుతో ఉన్న జింకను కూడా వద్దనవచ్చు. సీసం తూటా మాంసంలో కంటికి కనబడనంత చిన్న ముక్కలుగా చెదురుతుంది. గాయం చుట్టూ కోసేసినా కొన్ని మిగలొచ్చు. 2022 జులై 1 నుంచి సీసం వాడని సరఫరాదారుల నుంచే కొంటామని బ్రిటన్ నేషనల్ గేమ్ డీలర్స్ అసోసియేషన్ 2021లో ప్రకటించింది. చట్టం అప్పటికి అలా చెప్పలేదు. 2025 జులైలో ప్రభుత్వం సీసం గుళ్లతో పాటు 6.17 మిల్లీమీటర్లు, ఆపైన వ్యాసం ఉన్న సీసం తూటాలనూ 2029 నుంచి ఆపేస్తామని ప్రకటించింది.

ఈ మధ్య కాలమే చిక్కు. స్టాకర్ వాడిన సీసం తూటా చట్టబద్ధం, డీలర్ షరతుకు మాత్రం విరుద్ధం. సీసానికి బదులు రాగి తూటా వాడానని స్టాకర్ రాసిచ్చిన మాటే చాలాసార్లు ఏకైక ఆధారం. ఎక్స్‌రే తీస్తే చెదిరిన లోహపు ముక్కలు కనబడతాయి కానీ, ప్రతి జింకకూ తీయటం చిన్న డీలర్ వల్ల కాదు. అబద్ధం రాశాడని తేలితే అది నాణ్యత గొడవ కాదు, సరుకు గురించి తప్పుడు వివరణ. సేల్ ఆఫ్ గూడ్స్ చట్టంలోని 13వ సెక్షన్ దీనికి వర్తిస్తుంది, అమ్మినవాడు వ్యాపారి అయినా కాకపోయినా.

డీలర్ లేకుండా అమ్మితే

విసిగిపోయిన స్టాకర్లకు ఇంకో దారి ఉంది. తాను వేటాడిన జింకల మాంసాన్ని కొద్ది మొత్తాల్లో నేరుగా తినేవాళ్లకు గానీ, స్థానిక దుకాణాలకు, హోటళ్లకు గానీ అమ్ముకోవచ్చు. ఆ స్థాయిలో డీలర్‌కుండే అనుమతి అక్కర్లేదు. తోలు తీసి ముక్కలు కొట్టి అమ్మాలంటే మాత్రం స్థానిక కౌన్సిల్ దగ్గర ఆహార వ్యాపారంగా నమోదు కావాలి, పరిశుభ్రత పద్ధతిని కాగితం మీద చూపించాలి. కిలోకు వచ్చే డబ్బు డీలర్ ఇచ్చేదానికంటే ఎక్కువే.

కానీ అప్పుడు పశువైద్యుడు ఉండడు. పచ్చబడిన తొడను పారేయాలా, కాస్త కోసి అమ్మాలా అన్న నిర్ణయం స్టాకర్‌ది. పొరపాటైతే బాధ్యతా అతనిదే. చలికాలంలో వారానికి పాతిక జింకలు చంపాల్సిన కాంట్రాక్టరుకు ఈ దారి సరిపోదు కూడా. అతనికి లారీ పంపే డీలర్ కావాలి. అందుకే చిన్న స్టాకర్లు మెల్లగా పక్కకు తప్పుకుంటుంటే, గొడవ పెద్ద కాంట్రాక్టర్లకూ పెద్ద డీలర్లకూ మధ్య మిగులుతోంది.